పిల్లల కార్టూన్లకూ ఒక వయసు గుర్తు కావాలి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,



నేను హైదరాబాద్‌లో ఉంటూ కార్టూన్లకు తెలుగు మాటలు రాస్తాను. జపాన్‌లోనో, అమెరికాలోనో, ముంబైలోనో తయారైన బొమ్మల కథ మా చేతికి వచ్చేసరికి బొమ్మ ఎప్పుడో ఖరారైపోయి ఉంటుంది. మిగిలేది మాట. బడి వదలగానే ఇంటికొచ్చి, సంచీ మూలన పడేసి, కాళ్లయినా కడుక్కోకుండా టీవీ ముందు కూలబడే పిల్లల చెవిన పడేది ఆ మాటే. వాళ్లు చూసేదానికీ, వినేదానికీ ఈ దేశంలో అందరికీ తెలిసేలా రాసిపెట్టిన కొలత ఏదైనా ఉందా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. అడగాల్సింది మిమ్మల్నే కాబట్టి, పదిమంది ముందూ అడగాలనిపించింది కాబట్టి ఈ బహిరంగ లేఖ.

ప్రసార సేవలన్నిటినీ ఒకే చట్టం కిందికి తెస్తూ మీ శాఖ 2023 నవంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. విమర్శలు వచ్చాక, మరిన్ని సంప్రదింపులు జరిపి కొత్త ముసాయిదా తెస్తామని 2024 ఆగస్టులో చెప్పింది. ఆ చర్చంతా వార్తా చానళ్ల చుట్టూ, ఓటీటీల చుట్టూ, యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్ల చుట్టూ తిరిగింది. పిల్లల చానళ్ల ఊసు పెద్దగా వినబడలేదు. ఆ బిల్లు మళ్లీ బల్ల మీదికి వచ్చేలోపు ఈ మాటలు మీ చెవిన వేయాలి.

ఇప్పుడున్న ఏర్పాటు ఏమిటి? 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం ఉంది. దాని కింద నడిచే 1994 నాటి కేబుల్ నిబంధనల్లో ఆరోది ప్రోగ్రాం కోడ్. పిల్లల కోసం తీసే కార్యక్రమాల్లో చెడ్డ మాటలు, బాహాటమైన హింసా దృశ్యాలు లేకుండా జాగ్రత్తపడాలని అందులో ఉంది. పిల్లలు ఎక్కువగా టీవీ చూసే వేళల్లో వాళ్లకు తగనివి వేయకూడదని, పిల్లల్ని కించపరచకూడదని ఉంది. మంచి మాటలే. కానీ చెడ్డ మాట అంటే ఏది? ఏ వయసు వాళ్లకు ఏది తగదు? దానికి జవాబు అక్కడ దొరకదు. చానళ్ల సంఘం 2011లో తనకు తాను రాసుకున్న మార్గదర్శకాల్లో కార్యక్రమాలను రెండే రకాలుగా విడదీసింది. అందరూ చూడదగ్గవి ఒక రకం, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు మాత్రమే వేయాల్సినవి రెండో రకం. కార్టూన్లన్నీ మొదటి రకంలోకే వస్తాయి. మూడేళ్ల పాపనీ, పన్నెండేళ్ల పిల్లవాడినీ, వాళ్ల తాతనీ ఒకే గాటన కట్టినట్టయింది.

సినిమాకి ఆ పరిస్థితి లేదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. అంతకుముందే, 2021 ఐటీ నిబంధనలతో ఓటీటీలకు వయసు గుర్తు తప్పనిసరి చేశారు. ఏడేళ్ల పిల్లకీ పదమూడేళ్ల పిల్లకీ తేడా ఉందని ప్రభుత్వమే రెండుసార్లు ఒప్పుకుంది. మరి టీవీలో వచ్చే కార్టూన్ దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎందుకు మాయమైంది? మా హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థలో రాజీవ్ చిలక సృష్టించిన ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌కి ఎక్కాడు. అదే భీమ్ పసివాడై 'మైటీ లిటిల్ భీమ్' పేరుతో 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లాడు. నెట్‌ఫ్లిక్స్‌లో పేరు పక్కనే వయసు గుర్తు కనబడుతుంది. పాకే వయసున్న ఆ భీమ్ నోట మాటే ఉండదు, అయినా గుర్తు ఉంది. టీవీలో కొట్లాటలు, రాక్షసులు, మాటకు మాట అన్నీ ఉన్న భీమ్‌కి గుర్తు లేదు. తల్లి ఏది చూసి నిర్ణయించుకోవాలి?

ఇక్కడ షిన్‌చాన్ అనే కార్టూన్ ఉదంతాన్ని కాస్త వివరంగా గుర్తు చేయాలి. కొలత లేకుండా కత్తెర పట్టుకుంటే ఏమవుతుందో అందులో ఉంది.

యోషితో ఉసుయి అనే జపాన్ చిత్రకారుడు 1990లో ఆ బొమ్మల కథను మొదలుపెట్టింది పెద్దవాళ్లు చదివే వారపత్రికలో. ఐదేళ్ల పిల్లాడి నోట పెద్దల మాటలు పలికించి, మధ్యతరగతి సంసారాన్ని చూపించి నవ్వించడం దాని పద్ధతి. 1992లో టీవీకి వచ్చాక, మా పిల్లలు చూడకపోతే బాగుండునని జపాన్ తల్లిదండ్రులు సర్వేల్లో చెప్పే కార్యక్రమాల్లో అది ఏళ్ల తరబడి పైవరసలో ఉంటూ వచ్చింది. అలాంటిది మన దేశంలోకి పిల్లల చానల్ ద్వారా దిగింది. హంగామా చానల్ 2006లో మొదలుపెట్టింది. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. 2008లో ప్రసారం ఆగింది. 2009లో కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. ఏ దృశ్యం తప్పన్నారు, ఏది తీశారు, మిగిలినది ఏ వయసు వాళ్లకు పర్వాలేదని తేల్చారు? ఇళ్లలో కూర్చున్న తల్లిదండ్రులకు ఎవరూ వివరించలేదు. ఆగడమూ అంతే, రావడమూ అంతే.

పిల్లాడు నిక్కరు దించి పిర్రలు ఊపుతూ గెంతే దృశ్యాలను తీసేయడం సబబే. డోరేమాన్ కార్టూన్‌లో షిజుకా అనే అమ్మాయి స్నానం చేస్తుంటే నోబిటా అనే పిల్లాడు వచ్చిపడటాన్ని హాస్యంగా చూపించే దృశ్యాలున్నాయి. అవి మన పిల్లల ముందుకు రాకూడదని నేనూ అంటాను. చిన్నపిల్ల సిగ్గుతో కేకపెట్టడం నవ్వుకోవాల్సిన సంగతి కాదు. అయితే కత్తెర బొమ్మని పట్టుకున్నంత తేలిగ్గా మాటని పట్టుకోదు. దించిన నిక్కరు కంటికి కనబడుతుంది కాబట్టి తెగుతుంది. ఐదేళ్లవాడు దారినపోయే అమ్మాయి వెంటపడి సరసాలాడటం, తల్లి నడుమును, లావును అస్తమానం ఎత్తిపొడవడం సంభాషణలో ఉంటాయి కాబట్టి మిగిలిపోతాయి. పిల్లలు ముందు నేర్చేది దేన్ని? ఏ ఒకటో తరగతి టీచర్‌ని అడిగినా చెబుతారు.

ఈ మాటల సంగతి నాకు దగ్గరగా తెలిసింది. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డబ్బింగ్‌కి వచ్చిన ఎపిసోడ్‌ను ముక్కలు ముక్కలుగా వేసుకుని, ఒక్కో పాత్ర నోరు ఎంతసేపు ఆడుతోందో చూసుకుని మాట రాస్తాం. పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరాలు పడితే అతికినట్టుంటుంది. జపాన్ కార్టూన్లలో నోరు తెరుచుకోవడం, మూసుకోవడమే తప్ప పెద్దగా కదలికలు ఉండవు. కాబట్టి అక్కడ అక్షరం కన్నా మాట పొడవు ముఖ్యం. తెలుగు వాక్యం చాలాసార్లు ముందే అయిపోతుంది, బొమ్మ నోరు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంటుంది. ఆ ఖాళీలో ఏదో ఒకటి పడాలి. సరిగ్గా అక్కడే తిట్లు వచ్చి కూర్చుంటాయి. బండోడా, మట్టిబుర్ర, కోతి మొహమా, నల్లోడా. మూలంలో లేని మాటలు. చిన్నవి, చటుక్కున నవ్వు పుట్టించేవి, గడువు తరుముకొస్తున్నప్పుడు ముందుగా తట్టేవి.

ఒకరోజు ఒక ఎపిసోడ్ రికార్డింగ్ సరిచూడటానికి కూర్చున్నాను. స్క్రిప్టు వేరొకరు రాసింది. లావుపాటి పిల్లాడు పరుగు పందెంలో వెనకబడి ఆయాసపడుతుంటే స్నేహితుడు వెనక్కి తిరిగి అరవాలి. మూలంలో ఉన్నది వాడి పేరు, ఆ వెంట 'రా రా' అన్న కేక, అంతే. తెలుగు కాగితంలో 'ఒరేయ్ డ్రమ్మూ, దొర్లుకుంటూ రారా' అని ఉంది. ఆ స్నేహితుడికి గొంతిస్తున్నది ఒక అమ్మాయి. మన కార్టూన్లలో మగపిల్లల గొంతుల్లో చాలావరకు ఆడవాళ్లవే. ఆవిడ మైకు ముందు ఆగిపోయి, హెడ్‌ఫోన్ తీసి, 'మావాణ్ని బళ్లో ఇలాగే పిలుస్తున్నారండీ, అన్నం సరిగా తినడం మానేశాడు. ఇది నేను అనలేను' అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరం కలిసి అంతే పొడవున్న మాట వెతికాం. 'ఆగకురా బాబూ, ఇంకో పది అడుగులే' అని పెట్టాం. నోటికి అతికింది. ఆయాసపడుతూ ఆ పిల్లాడు పెట్టిన మొహం అలాగే ఉంది, నవ్వూ అలాగే వచ్చింది.

ఆ తిట్టు ఆగింది ఒక తల్లి మనసు ఒప్పుకోక. ఆ రోజు వేరే గొంతు వచ్చి ఉంటే అది రాష్ట్రమంతా వినబడేది. ఎందుకంటే, నేను పనిచేసిన చోట్లలో తెలుగు ట్రాక్‌ని తనిఖీ చేయడమంటే పెదవులకు మాట కుదిరిందా, గొంతు స్పష్టంగా ఉందా, వెనక చప్పుడేమైనా ఉందా అని చూడటమే. చానల్‌లో ప్రమాణాల విభాగం ఉంటుంది, వాళ్లు బొమ్మను చూస్తారు, హిందీనో ఇంగ్లిష్‌నో చదువుతారు. తెలుగులో ఏం అన్నామో చదివే మనిషిని నేను చూడలేదు. తమిళం, మలయాళం రాసే మిత్రులదీ ఇదే మాట. ఒకే బొమ్మ, నాలుగైదు భాషల్లో నాలుగైదు రకాల మాటలు, పరీక్ష మాత్రం ఒక్కదానికే.

మాట బాగుంటే ఎంత మేలు జరుగుతుందో కూడా చూశాం. ఖుషీ టీవీలో కార్టూన్ పాత్రలు డోరా, బుజ్జి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాక, డోరా ఆగి అడిగిన ప్రశ్నకు మన ఊళ్లలో పిల్లలు టీవీ వైపు చేయి చాపి గట్టిగా జవాబు చెప్పేవారు. జవాబు కోసం ఆగడమన్నది అనుకోకుండా కుదిరింది కాదు. చిన్నపిల్లలకు ఏది అర్థమవుతుందో కనుక్కుని మరీ కార్యక్రమం కట్టే పద్ధతి 1969లో అమెరికాలో సెసమీ స్ట్రీట్‌తో గట్టిపడింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ లెసర్ లాంటివాళ్లు రచయితల పక్కన కూర్చుని, పిల్లలకు ఏం నేర్పాలో ముందే అనుకుని, తీసినదాన్ని పిల్లల మీద పరీక్షించి చూశారు. ప్రమాణం అంటే నా దృష్టిలో ఇది. కత్తెర దీని తర్వాత వచ్చేది.

కొలత స్పష్టంగా రాయడం సాధ్యమేనా అని మీ అధికారులు అడగవచ్చు. జపాన్ చేసి చూపించింది. 1997 డిసెంబరు 16న పోకెమాన్ ఎపిసోడ్ ఒకదాంట్లో ఎరుపు, నీలం వెలుగులు వెంట వెంటనే మెరిశాయి. అది చూస్తున్న పిల్లలకు కళ్లు తిరిగాయి, కొందరికి ఫిట్స్ వచ్చాయి, 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కార్యక్రమాన్ని నాలుగు నెలలు ఆపారు. ఆ ఎపిసోడ్‌ను మళ్లీ ఎన్నడూ వేయలేదు. మెరుపులు సెకనుకు మూడు మించకూడదని, ముఖ్యంగా ఎరుపు విషయంలో జాగ్రత్తపడాలని ప్రసారకులు మార్గదర్శకాలు రాసుకున్నారు. వెలుతురున్న గదిలో, తెరకు దూరంగా కూర్చుని చూడమని పిల్లలకు చెప్పే ప్రకటన కార్టూన్ల మొదట్లో వేయడం అలవాటు చేశారు. పోకెమాన్ బతికింది, పిల్లలకు రక్షణా దొరికింది.

మరొకటి బ్రిటన్‌ది. 2006లో టామ్ అండ్ జెర్రీ పాత ఎపిసోడ్లు రెండింట్లో పొగతాగడాన్ని గొప్పగా చూపించారని ఒక ప్రేక్షకుడు ఫిర్యాదు చేశాడు. ఒకే ఒక్క ఫిర్యాదు. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దాన్ని తీసుకుని, ఏ ఎపిసోడ్‌లో ఏ దృశ్యమో వివరంగా ప్రకటించింది. పొగతాగడాన్ని ఆకర్షణీయంగా చూపిన చోట్ల కత్తిరిస్తామని చానల్ ఒప్పుకుంది. ఆ నిర్ణయంతో ఏకీభవించనివాళ్లు పత్రికల్లో వాదించారు కూడా. నిర్ణయం కంటి ముందు ఉంది కాబట్టే వాదించగలిగారు. షిన్‌చాన్ విషయంలో మనకు దొరకనిది సరిగ్గా ఆ అవకాశమే.

కొలత ఊరికో తీరుగా ఉండాల్సి వస్తుందనీ మరవకూడదు. బ్రిటన్ పిల్లలకు ఎంతో ఇష్టమైన పెపా పిగ్‌లో సాలీడు ఏమీ చేయదు, భయపడకండి అని చెప్పే ఎపిసోడ్ ఒకటి ఉంది. బ్రిటన్‌లో అది మంచి పాఠం. విషపు సాలీళ్లున్న ఆస్ట్రేలియాలో ప్రమాదం. అక్కడి ఏబీసీ చానల్ 2012లో దాన్ని పక్కన పెట్టేసింది. పొలంగట్ల మీద, కోళ్లగూళ్ల పక్కన ఆడుకునే మన పిల్లలకు పాముని మెడలో వేసుకు తిరిగే బొమ్మ చూపించే ముందు ఎవరైనా ఇలా ఆలోచిస్తున్నారా? శక్తిమాన్ రోజులు మీకు తెలుసు. అతన్ని అనుకరించి పిల్లలు గాయపడ్డారన్న వార్తలు దేశాన్ని కలవరపెట్టాయి. ఆ పాత్ర వేసిన ముకేశ్ ఖన్నా తానే తెరమీదికి వచ్చి, ఇలా చేయకండి అని పిల్లలకు చెప్పారు.

అలాగని పిల్లల కథల్లోంచి భయాన్నీ, దుఃఖాన్నీ, చావునీ ఊడ్చేయమని నేను అడగడం లేదు. 1947లో మొదలైన చందమామలో శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ని చూస్తూ తెలుగు పిల్లలు తరాలుగా పెరిగారు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు శవం మొహాన్ని అందంగా మార్చలేదు. ఆ కథల్లో భయం ఉంది, భయం చివర ఆలోచించాల్సిన ప్రశ్న ఉంది. భయపెట్టే ప్రతిదాన్నీ తీసేస్తే మిగిలేవి రంగులు, గెంతులే. మన పాత కథల్ని బొమ్మలుగా తీయాలనుకునే తెలుగు యువకులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. ఏది తగునో ముందే రాసి ఉంటే వాళ్లు ధైర్యంగా గీస్తారు. ఎప్పుడు ఏ ఫిర్యాదుతో ఏది ఆగిపోతుందో తెలియకపోతే మళ్లీ లడ్డూలు, గుద్దులాటలే గీస్తారు.

ప్రకటనల గురించి ఒక మాట. గంటకు 12 నిమిషాలు మించకూడదన్న నియమం మనకు ఉంది. కార్టూన్ మధ్యలో వచ్చేది ఏమిటన్నది అంతకన్నా ముఖ్యం. అమెరికాలో ఒక కార్టూన్ నడుస్తున్నంతసేపు దాని పాత్రల బొమ్మలు, ఆటవస్తువుల ప్రకటనలు ఆ కార్యక్రమంలోనే వేయడానికి వీల్లేదు. బ్రిటన్ పిల్లల చానళ్లలో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి ప్రకటనలు 2009 నుంచి లేవు. మన దగ్గర 2018లో తొమ్మిది పెద్ద కంపెనీలు పిల్లల చానళ్లలో అలాంటివి వేయబోమని స్వచ్ఛందంగా చెప్పాయని ప్రభుత్వం ప్రకటించింది. సంతోషం. స్వచ్ఛందంగా ఇచ్చిన మాట తప్పితే అడిగేదెవరు? పదో కంపెనీ సంగతేమిటి?

ఫిర్యాదుకు దారి లేదని నేను అనడం లేదు. 2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం చానల్ 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత స్వీయ నియంత్రణ సంస్థ, ఆపైన మీ శాఖ. కాగితం మీద చక్కని ఏర్పాటు. కానీ ఫిర్యాదు ఎలా చేయాలో చెబుతూ తెర కింద పరుగులు తీసే సమాచారం నేను చూసినంతవరకు ఇంగ్లిష్‌లో వస్తుంది. పనికి పోయి సాయంత్రం ఇల్లు చేరే తల్లి, తన కొడుకు నేర్చుకొచ్చిన తిట్టు ఏ కార్టూన్‌లోదో కనుక్కుని, ఆ భాషలో ఫిర్యాదు రాసి పంపుతుందని అనుకోగలమా?

కాబట్టి నా విన్నపం ఇది. పిల్లల చానల్‌లో వచ్చే ప్రతి కార్యక్రమం మొదట్లో, ప్రకటనల విరామం తర్వాత వయసు గుర్తు తెరమీద కనబడాలని బిల్లులో రాయండి. ఓటీటీకి పెట్టిన గుర్తులే చాలు, కొత్తవి అక్కర్లేదు. అయితే వాటిలో వయసు మెట్లు 7+ దగ్గర మొదలవుతున్నాయి, బడికి ఇంకా వెళ్లని పసివాళ్ల కోసం కింద మరో మెట్టు కావాలి. ఏ భాషలో ప్రసారం చేస్తే ఆ భాష ట్రాక్‌ని ఆ భాష వచ్చిన మనిషి విని సంతకం పెట్టాలి. ఆ మనుషుల్లో బడిపంతుళ్లు ఉంటే మరీ మంచిది, పిల్లల మధ్య ఏ మాట ఎలా తిరుగుతుందో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. దేన్నయినా ఆపినా, కత్తిరించినా, తిరిగి అనుమతించినా కారణం రాతపూర్వకంగా అందరి ముందూ పెట్టాలి. పిల్లల చానళ్లలో తిండి ప్రకటనల సంగతి కంపెనీల ఇష్టానికి వదలకుండా చట్టంలోకి తేవాలి.

చివరిగా, కొత్త ముసాయిదా సిద్ధమయ్యాక దాన్ని తెలుగులో కూడా విడుదల చేయించండి, తెలుగులో వచ్చిన అభిప్రాయాలనూ స్వీకరించండి. మా డబ్బింగ్ గదిలో మైకు ముందు ఆగిపోయిన ఆ తల్లి కూడా చదివి తన మాట చెప్పగలిగేలా చూడండి.

భవదీయ,
కార్టూన్లకు తెలుగు మాటలు రాసే ఒక రచయిత,
హైదరాబాద్